అరచేతులు చూసిన ఆయమ్మ

అన్న నుంచి వాట్సాప్‌లో మూడు మెసేజ్‌లు వచ్చాయి.

"ఆయమ్మ సచ్చిపోయిందట రా."

"భూపాలపల్లిల కొడుకు దగ్గర ఉండె. నిద్రల్నే పోయిందట."

ఐదు నిమిషాల తర్వాత మూడోది: "దినాలకు పెట్టనీకె ఒక్క ఫోటో లేదట. ఆధార్ కార్డుల ఉన్నది గని గుర్తువట్టస్తలేదట. నువ్వు అప్పుడు శిబిరంల ఒకటే తీస్తుంటివి గదా, జర సూడు."

అన్నంటే మా పెద్దబాపు కొడుకు, అంటే మా నాన్న అన్నయ్య కొడుకు. జనగామలోనే ఉంటాడు. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. ఫోన్ చేతిలో లేకుండా నేను ఎలా ఉంటానో మా ఇంట్లో ఎవరికీ తెలీదు, కాబట్టి అన్న నన్ను అడగడంలో వింతేం లేదు.

"ఫోటో లేదన్నా" అని టైప్ చేశాను. పంపకుండా చెరిపేశాను. ఫోటో లేదన్నది నిజమే. వీడియో ఉంది. ఈ ఐదేళ్లలో నాలుగు ఫోన్లు మార్చాను, మారిన ప్రతిసారీ ఆ నలభై రెండు సెకన్ల ముక్కను మాత్రం పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి తెచ్చుకున్నాను. ఎవరికీ చూపించలేదు. అందులో ఆయమ్మ ముఖం ఉంది. దాంతోపాటు నేనాడిన ఒక అబద్ధం కూడా ఉంది, నా గొంతుతో, తడబాటేమీ లేకుండా. అది వింటే వాళ్ల నాయిన ఎలా చనిపోయాడని అన్న ఇన్నాళ్లూ నమ్ముతున్నాడో అది కూలిపోతుంది.

పంపాలా వద్దా అన్నది తేల్చుకోలేక ఆమె గురించి రాస్తున్నాను.

ఆమె పేరు నాకు తెలీదు. అడగలేదు. అందరూ ఆయమ్మ అంటే నేనూ ఆయమ్మ అన్నాను, కోపం వస్తే అవ్వా అన్నాను. జనగామలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో రాత్రి డ్యూటీ ఆయా. సొంతూరు దంతాలపల్లి అవతల ఒక తండా. యాభై దాటి ఉంటాయి. దవాఖానవాళ్లిచ్చిన నీలం అంచు తెల్లచీర కట్టేది గానీ కాళ్లకు తండా కడియాలు అలాగే ఉండేవి. మోచేతుల పైన చర్మం రెండు చేతులకూ పట్టీ వేసినట్టు తెల్లగా ఉండేది. మొగుడు పోయినప్పుడు తీసేసిన గాజుల చోటు అది. ఏళ్లు గడిచినా ఆ రంగు మిగతా చేతిలో కలవలేదు.

తెలంగాణ కోసం ఊరూరా రిలే దీక్షలు నడుస్తున్న రోజులు. జనగామలో రోడ్డు పక్కన టెంటు వేశారు. రోజుకొక సంఘం వంతు. ఒకరోజు టీచర్లు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు వకీళ్లు. పొద్దున పదింటికి పూలదండలు వేసుకుని కుర్చీల్లో కూర్చోవాలి, సాయంత్రం ఐదింటికి ఎవరో పెద్దమనిషి నిమ్మరసం తాపితే లేవాలి. ఏడు గంటలు తినకపోతే ఏమవుతుందిలే అనుకుంటాం. ముందురోజంతా ఊరేగింపులో తిరిగి, పొద్దున ఛాయ్ కూడా మానేసి, ఉక్కపోస్తున్న టెంటు కింద మెడ నిండా బంతిపూలు వేసుకుని కదలకుండా కూర్చుంటే అవుతుంది. రెండు రోజులకొకరు పడేవాళ్లు.

ఆయమ్మను అక్కడికి ఎవరూ పిలవలేదు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, టెంటు మూలన బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చునేది. దవడ కింద పొగాకు. ఉపన్యాసాలు వినేది కాదు. పాటలకు తల ఊపేది కాదు. కూర్చున్నవాళ్ల పై పెదవులు చూసేది, వరసగా, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. ఎవరైనా ఆవులిస్తే వీపు నిటారుగా పెట్టేది. రెండోసారి ఆవులిస్తే లేచి నిలబడేది. అప్పటికి ఆ మనిషి పై పెదవి మీద చెమట బొట్లు కనిపిస్తే ఇక మైకు ఎవరి చేతిలో ఉన్నా సరే వేదిక ఎక్కేసేది.

నేను వెళ్లిన రెండో రోజే చూశాను. టీచర్ల వంతు. ఆయమ్మ ఒక లెక్కల సారు ముందు నిలబడింది.

"సారూ, పండుకో."

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

"మంచిగున్నోనివి గింత ఉక్కల చలివెట్టినట్టు చేతులెందుకు ముడుచుకున్నవ్? కండ్లు మసకలు కొడ్తున్నయా?"

"ఏం లేదు పో ఆయమ్మా. అందరి ముందల పండుకుంటె పిల్లలు ఏమనుకుంటరు?"

"పండుకుంటె ఏమనుకుంటరో నాకెర్క లేదు. పడ్డంక నవ్వుతరు."

సారు ఇంకేదో అనబోయాడు. మాట నాలుక మీదే ఉండిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఆమె రెండు చేతులూ ముందే చాచి ఉంచింది, వాటిలోనే ఒరిగాడు. మెల్లగా నేలమీద పడుకోబెట్టి, దండలు తీసి అవతల పడేసి, చొక్కా పై గుండీలు విప్పి, ఆయన కాళ్లెత్తి కుర్చీలో పెట్టింది. ఎవరో నీళ్ల గ్లాసు తెచ్చి నోట్లో పోయబోతే చెయ్యి మీద ఒక్కటి కొట్టింది. "పేరు చెప్పేదాక నీళ్లు పొయ్యద్దు. గొంతుల అడ్డం పోతయ్." ఇంకెవరో తాళాల గుత్తి తెచ్చి సారు పిడికిట్లో పెట్టబోయారు. ఆయమ్మ లాక్కుని విసిరితే అది వెళ్లి రోడ్డు మీద పడింది. నిమిషం కాకముందే సారు కళ్లు తెరిచాడు. తన కాళ్లు కుర్చీలో ఉండి తను కింద ఎందుకున్నాడో అర్థం కాక చూశాడు. టెంటు మొత్తం నవ్వింది.

కుర్రాళ్లు పందేలు కాసేవాళ్లు. "ఇయ్యాల ఆయమ్మ ఎవ్వని వికెట్ చెప్తదిరా?" ఆమెకు వినపడేది. "నీదే చెప్త, దగ్గరికి రా" అనేది.

ఇది సరదా భాగం. కానీ ఆ శిబిరంలో ఒక ఆచారం పడిపోయింది. ఎవరైనా స్పృహ తప్పితే అది ఉద్యమానికి గౌరవం. ఫలానా రోజు ఫలానా సంఘంలో ఇద్దరు పడిపోయారట, మనవాళ్లలో ఒక్కరూ పడలేదేంటి అనేవరకు వెళ్లింది. పడిన మనిషిని కుర్చీలోంచి జారనిచ్చేవాళ్లు కాదు. ఇద్దరు చెరో రెట్ట పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టి, దండ సర్ది, ఒకరు గడ్డం పట్టుకుని తల ఎత్తి, పేపరు ఫోటోగ్రాఫర్ వచ్చేదాకా అలాగే ఉంచేవాళ్లు. పడుకోబెడితే ఫోటోలో బ్యానర్ రాదు, అదీ సంగతి. కావాలని చేసిన దుర్మార్గం కాదు. ప్రేమతోనే చేసేవాళ్లు, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ పట్టుకునేవాళ్లు. తల పైనుంటే నెత్తురు తలకు ఎక్కదని ఆయమ్మ ఒక్కతే అరిచేది.

ఫోటోలు తీసేవాళ్లలో నేనొకణ్ణి. కాలేజీ ముందు ఒక కానిస్టేబుల్‌తో గొడవ పెట్టుకున్నానని మా నాన్న భయపడి నన్ను బస్సెక్కించి జనగామకు, పెద్దబాపు ఇంటికి పంపేశాడు. కాలేజీలు ఎలాగూ బంద్. ఇక్కడ నాకు పని దొరికింది, ఫోన్ పట్టుకుని తిరగడం. మొదటివారంలోనే ఆయమ్మతో గొడవ పడ్డాను.

"జరుగు అవ్వా! అడ్డమొస్తున్నవ్."

"నీ ఫోను నాడి సూస్తదా పట్నం పోరడా?"

"ఉద్యమం గురించి నీకేం తెలుసు? నువ్వొచ్చి మొత్తం ఖరాబు చేస్తున్నవ్."

"సూడదు గదా. అయితె జేబుల వెట్టి గీన కాళ్లు లేపు."

లేపాను. తిట్టుకుంటూ లేపాను. తర్వాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు, ఆమెకు ఆ సంగతే తెలిసినట్టు లేదు.

నాలుగో రోజు వంటావార్పు. వరంగల్ రోడ్డు మీద రాళ్లు అడ్డంపెట్టి, రోడ్డు నడుమ పొయ్యిలు వెలిగించి అక్కడే వండుకుని అక్కడే తినడం. నేను పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా పొయ్యిల పొగలో వీడియోలు తీస్తున్నాను. ఒకసారి ఆవులించాను. ఇంకోసారి. చుట్టూ నినాదాలు హఠాత్తుగా పక్క వీధిలోకి వెళ్లిపోయినట్టు దూరంగా వినిపించాయి. ఫోన్ స్క్రీన్ అంచుల నుంచి నల్లబడుతోంది. బ్యాటరీ అయిపోతోందనుకున్నాను, ఒట్టు. మెడ వెనకనుంచి ఎవరో పట్టి కిందకు లాగారు.

కళ్లు తెరిచేసరికి హైవే మీద వెల్లకిలా ఉన్నాను. నా కాళ్లు బియ్యం సంచి మీద ఉన్నాయి. నెత్తి మీద ఆయమ్మ నీడ.

"పేరేంది?"

చెప్పాను.

"పడేముందు ఎర్కయిందా? శెవులు మూసుకపోయినట్టు, కండ్లు చీకట్లయినట్టు?"

"అయింది."

"ఛాతిల గుంజిందా? గుండె దడదడ కొట్టుకున్నదా?"

"లేదు."

"ఇంతకుముందెప్పుడన్న పడ్డవా? ఉట్టిగనే, ఉరుకుతుంటెనో, బరువు లేపుతుంటెనో?"

"లేదవ్వా. లేస్త."

"పండుకో! లేస్తడట. పది నిమిషాలు గట్లనే ఉండు. లారీలు రావు, రోడ్డు మనదే ఇయ్యాల."

ఉప్పు, చక్కెర వేసిన నిమ్మనీళ్లు కొంచెం కొంచెంగా తాపుతూ, నేనడగకుండానే చెప్పింది. పడటం రెండు తీర్లట. ఒకటి చెప్పి వచ్చేది. ఆవులింతతో, చెమటతో, కడుపులో తిప్పుతూ, కళ్లు చీకట్లు కమ్ముతూ ముందే చెబుతుంది. దానికి కూర్చోవాలి, పడుకోవాలి, నీళ్లు తాగాలి. నిమిషంలో లేవకపోయినా, లేచాక మాట తేడాగా ఉన్నా దవాఖాన. రెండోది చెప్పకుండా వచ్చేది.

"మా ఆయనకు చెప్పకుంటనే వచ్చింది" అంది. "భూపాలపల్లిల బొగ్గుబాయి దగ్గర కాంట్రాక్టు పని. తట్ట లేపుతుండంగ పడ్డడు, కరెంటు పోయినట్టు. జరసేపట్ల లేచి నవ్విండు. అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన బిడ్డా. మందు తాగినవా ఏందయ్యా అన్న. నీళ్లు తాగి మల్ల పనిల దిగిండు. మూడో దినం మల్ల పడ్డడు."

దవడ కింద పొగాకు అటు నుంచి ఇటు మార్చుకుంది.

"డాక్టరమ్మ దగ్గర ఆయా పనిల చేరినంక తెలిసింది. మొదటిసారి పడ్డనాడే తీస్కపోవాలెనట. లేచి నవ్వుతుండు గదా అని ఇడిసిపెట్టద్దట. లేచి నవ్వినోణ్ణే తీస్కపోవాలెనట, పండుకున్నోణ్ణి ఎవ్వలైన తీస్కపోతరు."

ఆ రోజు నుంచి నేను ఆమె పక్కన ఇంకో డబ్బా బోర్లించుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోన్ చేతిలోనే ఉండేది. కానీ నేను కూడా పెదవులు చూడటం నేర్చుకున్నాను. ఇది రాయడం ముఖ్యం. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పెద్దబాపు పత్తి మార్కెట్లో కాంటా వేసేవాడు. నా చిన్నప్పుడు సికింద్రాబాద్ వచ్చినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్లో నోరు విప్పేవాడు కాదు. ఒకసారి పక్కింటివాళ్లు ఆయన మాట విని, అచ్చం సినిమా జోకర్‌లా మాట్లాడుతున్నారే అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటినుంచి ఆయన మా ఇంటికి వస్తే తల ఊపడమే. అలాంటి మనిషి, కాంటావాళ్ల వంతు వచ్చిన రోజు మైకు ముందు మాట్లాడతానని పేరిచ్చాడు. తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. పొద్దునపూట దండెం ముందు నిలబడి ఆరేసిన బట్టలకు ఉపన్యాసం చెప్పేవాడు. "అన్నలారా, అక్కలారా, మా భాషను నవ్వినోళ్లు" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవాడు. "తర్వాత ఏమనాలెరా?" అని నన్నడిగేవాడు.

వాళ్ల వంతుకు నాలుగు రోజుల ముందు, పొద్దున, ఆయన బోరింగు కొడుతున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. బోరింగు చప్పుడు ఆగింది. తలెత్తేసరికి నేలమీద బోర్లా ఉన్నాడు. కేక లేదు, తూలడం లేదు. నేను దగ్గరికి పోయేలోపే లేచి కూర్చున్నాడు. కనుబొమ్మ చీలి రక్తం కారుతోంది.

"జారిన్రా" అన్నాడు.

"పొడి నేల పెద్దబాపూ."

"జారిన అంటున్న గదా." ఒకసారి ఇంట్లోకి చూశాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గరుంది. అన్న ఆ వారమంతా పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. "మీ పెద్దమ్మకు చెప్పకు. గా శిబిరం ఆయమ్మకు అసలే చెప్పకు. కూసోనియ్యది. నా వంతు పోతది. దీక్ష అయినంక నేనే దవాఖానకు పోత, సరేనా? నీ మీదొట్టు."

సరే అన్నాను. నేను ఆయన్ని చూసి నవ్విన రోజుకు బదులు తీరుస్తున్నాననుకున్నాను.

మర్నాడు ఆయన శిబిరం వైపు వస్తే ఆయమ్మ కనుబొమ్మ మీది పట్టీ చూసింది. పెద్దబాపు చేతులు రెండూ పట్టుకుని, ఏదో మాట్లాడుతున్నట్టే, అరచేతులు పైకి తిప్పి చూసింది. తర్వాత మోచేతులు చూసింది. ఆయన వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"మీ పెద్దబాపు ఎట్ల పడ్డడు?"

"జారి పడ్డడు."

"జారి పడ్డోడు చేతులు అడ్డం పెడ్తడు బిడ్డా. అరచేతులు గీరుకపోతయ్. గీనయి నున్నగున్నయి. మొఖం పగిలింది, చేతులు పగల్లేదు."

నా భయాన్ని కోపం చేసి బయటికి తెచ్చాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

"నీకెందుకవ్వా? ప్రతిదాంట్ల వేలు పెడతావ్. నువ్వేమన్నా డాక్టరువా? గిన్నెలు కడిగే ఆయావి."

ఆమె నన్ను చూసింది. నా పై పెదవి చూసింది, అలవాటు కొద్దీ. వెళ్లి తన డబ్బా మీద కూర్చుంది.

వంతు రోజు వచ్చింది. పెద్దబాపు తెల్ల చొక్కా, కనుబొమ్మ మీద కొత్త పట్టీ, మెడ నిండా దండలు. పదకొండు కాకముందే మైకు ఇచ్చారు. "అన్నలారా, అక్కలారా, మా భాషను నవ్వినోళ్లు" అన్నాడు. ఆగాడు. నేను వీడియో ఆన్ చేశాను. ఆయన నావైపు చూసి నవ్వాడు, తర్వాత ఏమనాలిరా అన్నట్టు. మైకు చేతిలోంచి జారింది. అలాగే కుర్చీలోకి కూలబడ్డాడు.

ఆవులింత లేదు. చెమట లేదు. తిండి మానేసి గంట కూడా కాలేదు.

ఇద్దరు వచ్చి రెట్టలు పట్టుకున్నారు. దండ సర్దారు. జై తెలంగాణ అని టెంటు ఊగిపోయింది. వీడియోలో అక్కడ ఆయమ్మ వస్తుంది. "పండవెట్టుండ్రి! తల దించుండ్రి!" అని ఇద్దర్నీ తోసేసి ఆయన్ను కిందకు దించుతుంది. ఇరవయ్యో సెకనులో ఆయన కళ్లు తెరుస్తాడు. అందర్నీ చూస్తాడు. నవ్వుతాడు. టెంటు మళ్లీ ఊగుతుంది.

శిబిరం నడిపే లెక్చరర్ సారు వంగి అడుగుతాడు: "అన్నా, ఎట్లుంది?"

"ఏం లేదు సారూ. మంచిగున్న. మైకియ్యుండ్రి."

ఆయమ్మ తలెత్తి నావైపు చూస్తుంది. ఫోన్ వైపు కాదు, దాని వెనకున్న నావైపు. ఆ నలభై రెండు సెకన్లలో ఆమె ముఖం పూర్తిగా కనపడేది అక్కడొక్కచోటే.

"కొడుకా, గింతకుముందు పడ్డడా?"

నేల మీద పడుకుని ఉన్న పెద్దబాపు కూడా నన్ను చూశాడు. చెప్పకు అన్న చూపు. వీడియోలో అది లేదు, నేను ఫోన్ ఆమె మీద పెట్టి ఉంచాను. నా గొంతు మాత్రం ఉంది.

"లేదవ్వా."

అక్కడ వీడియో ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగింది నాకు గుర్తుంది.

"అయినా దవాఖానకు పోదాం పా అన్నా" అంది ఆయమ్మ.

"అయిదింటికి నిమ్మరసం తాగినంక వస్త."

"నిమ్మరసం నేను తాపుత, ఇప్పుడే తాగు."

"ఆయమ్మా, నడుమల లేచిపోతె కాంటోళ్లు ఓర్వలేకపోయిన్రు అంటరు. నలుగుట్ల మొఖం ఎట్ల సూపెట్టాలె?"

లెక్చరర్ సారు కూడా ఆమె భుజం తట్టాడు. "ఆకలికి కండ్లు తిరిగినయి ఆయమ్మా. ఇయ్యాలొక్కరోజే గదా, మేం సూసుకుంటం." మంచివాడే. ఆయన దగ్గరున్న సంగతుల్ని బట్టి సరిగ్గానే మాట్లాడాడు. సంగతి నా దగ్గరుంది.

ఆమె తన డబ్బా తెచ్చుకుని ఆయన కుర్చీ పక్కనే వేసుకుని కూర్చుంది. రెండు గంటలు కదల్లేదు. బంద్ కదా, ఆటోలు లేవు. అయినా ఇద్దరు కుర్రాళ్లను పంపి మార్కెట్ నుంచి పత్తి బస్తాలు మోసే ట్రాలీ బండి ఒకటి తెప్పించి టెంటు వెనక నిలబెట్టించింది. దానికి కూడా నవ్వారు.

ఒంటిగంట దాటాక పెద్దబాపు పక్కవాడికి ఏదో చెబుతూ, నవ్వుతూ, మాట మధ్యలో ఆగిపోయాడు. ఈసారి రెట్టలు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె ముఖం చూసి ఆగిపోయారు. కిందకు దించి, గొంతు పక్కన వేళ్లు పెట్టి చూసి, రెండు చేతులూ ఆయన ఛాతీ నడుమ వేసి నొక్కడం మొదలుపెట్టింది. ట్రాలీలో కూడా నొక్కుతూనే ఉంది. రోడ్డు మీద మేం పెట్టిన రాళ్లను మేమే తీసుకుంటూ పోవాల్సి వచ్చింది. తీసిన ప్రతి రాయి నాకు గుర్తుంది. దవాఖాన గేటు దగ్గర డాక్టరు ఆమె చేతుల మీద చెయ్యి వేసి ఆపాడు. అప్పుడు ఆపింది.

మర్నాడు పేపర్లో పెద్దబాపు ఫోటో వచ్చింది. దీక్షలో ప్రాణం విడిచాడని రాశారు. ఊరేగింపుకు ఊరంతా కదిలింది. మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి కూడా జీపుల్లో వచ్చారు. ఆ పేపరు ముక్కను పెద్దమ్మ ఫ్రేము కట్టించింది. అన్న ప్రతి ఏడూ చౌరస్తాలో ఫ్లెక్సీ పెడతాడు. తెలంగాణ వచ్చిన రోజు దాని ముందు టపాకాయలు కాల్చి నాకు వీడియో కాల్ చేశాడు. "బాపు తెచ్చిండ్రా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అన్నవి వేరే కన్నీళ్లు, నావి వేరే.

దినాలయ్యాక సికింద్రాబాద్ పోవడానికి జనగామ స్టేషన్‌లో కూర్చున్నాను. రైళ్లు అప్పుడే మళ్లీ నడుస్తున్నాయి. ఆయమ్మ వచ్చి బెంచీ చివర కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండనుకున్నాను.

"బోరింగు కాడ పడ్డడట గదా" అంది చివరికి. "మీ పక్కింటామె సూసిందట. నిన్న చెప్పింది."

నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"నాకు ఆమె చెప్పుడెందుకు? నేను అరచేతులు సూసిన. ఎర్కయింది. ఎర్కయినంక సుత నిన్నడుక్కుంట కూసున్న. ఒక పట్నం పోరడు అవునంటె తీస్కపోదును, లేదంటె ఇడిసిపెడ్దునా? గల్ల పట్టి గుంజుకపోవాలె. మా ఆయనప్పుడు తెల్వక నవ్విన. గీనప్పుడు తెలిసి కూసున్న."

"నేను చెప్పాల్సింది అవ్వా."

"నువ్వు చెప్పాలె. నేను గుంజాలె." లేచి నిలబడింది. "మీ పెద్దమ్మకు నేను చెప్ప. పటం కట్టించుకున్నది, ఉండనీ. మీ అన్నకు మాత్రం ఎప్పటికన్న చెప్పు. ఎందుకో ఎర్కనా? గసొంటి గుండె కొందరిండ్లల్ల నాయినకుంటె కొడుక్కు సుత ఉంటదట, డాక్టరమ్మ అన్నది. ఆ పోరడు ఒక్కపాలి గుండె సూసే మిషిన్ కింద పండుకోవాలె."

రైలు వచ్చింది. ఎక్కాను. చెబుతాను అన్నాను, కిటికీలోంచి. ఆమె అప్పటికే వెళ్లిపోతోంది, ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాళ్ల ముఖాలు వరసగా చూసుకుంటూ.

ఐదేళ్లు. చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అన్నా, ఒకసారి గుండె చూపించుకో అంటాను. ఎందుకురా, గుర్రం లెక్కున్న అంటాడు. పోయిన నెల అన్న కూతురు ఏదో మాటల్లో చెప్పింది: "డాడీ బండి దిగుతుండంగ పడ్డడు బాబాయ్, మస్తు నవ్వినం." నేను ఆ మాట విని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున లేచి ఆఫీసుకు వెళ్లాను. అదీ నేను చేసిన పని.

ఇవాళ వీడియో తెరిచి, ఆపుతూ ఆపుతూ చూశాను. ఆయమ్మ ముఖం కోసం. ముందు సెకన్లలో వీపు, తర్వాత సెకన్లలో వంగిన తల. సరిగ్గా కనపడేది ముప్పై ఎనిమిదో సెకను. నోరు సగం తెరిచి ఉంది. కళ్లు నామీద ఉన్నాయి. భూపాలపల్లిలో ఆమె ఫోటోకు దండ వేసేవాళ్లకు ఆమె ఏదో అడుగుతోందని తెలుస్తుంది, ఏమిటో తెలీదు.

ఆ ఒక్క ఫ్రేము ఫోటోగా తీసి అన్నకు పంపాను. "మస్తుంది రా, గిదే పెట్టమంట" అని జవాబు వచ్చింది.

తర్వాత వీడియో పంపాను, మొత్తం. కింద రాశాను: "నేను అబద్ధం చెప్పిన అన్నా. బాపు నాలుగు దినాల ముందే బోరింగు కాడ పడ్డడు. నేను సూసిన. నువ్వు పోయిన నెల బండి దిగుతూ పడ్డవట. నీ అరచేతులు గీరుకపోయినయా? ఇయ్యాలనే దవాఖానకు పో. తర్వాత నన్నేమన్న అను."

రెండు టిక్కులూ నీలమయ్యాయి. నలభై రెండు సెకన్లు లెక్కపెట్టాను. ఇంకో నిమిషం. ఇంకో రెండు.

ఫోన్ మోగింది. అన్న పేరు. గదిలో ఫ్యాను చప్పుడు దూరంగా వెళ్లిపోయింది. పై పెదవి మీద వేలు పెట్టి చూసుకున్నాను. తడిగా ఉంది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను, తల మోకాళ్ల మధ్యకు దించుకున్నాను. అప్పుడు ఎత్తాను.

"గీరుకపోలేదురా" అన్నాడు అన్న.